మంగమ్మకు పెట్టిన దినం

కరోనా పోయిన మరుసటి ఏడాది. మణుగూరు బొగ్గు గనుల కాలనీ పక్కన నా మెస్. మా ఆయన పోయాక నెల మెస్ మీదే బతుకుతున్నాను. నెల మెస్ అంటే నెలకోసారి డబ్బులిచ్చి పూటపూటా తినిపోవడం. తినేవాళ్లంతా గని షిఫ్టుల వాళ్లు, ఒక్క నవలలు రాసే సారు తప్ప. అంతకుముందు రెండు పుస్తకాలు అచ్చేస్తే కొన్నవాడు లేడట. మూడోది ఆదివారం పేపర్లో సీరియల్‌గా వస్తోంది.

అందులో మంగమ్మ అని ఒక మెస్సావిడ. పేరొక్కటే వేరు. నా బొట్టు, నా తిట్లు, నా గోంగూర పప్పు, అన్నీ దించేశాడు. నాకు సంతకం వరకే చదువు. డంపర్ డ్రైవర్ ఓదేలు చదివి వినిపిస్తుంటే మురిసిపోయేదాన్ని.

ఒక ఆదివారం చికెన్ వండి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఓదేలు వచ్చాడు గానీ గడప బయటే నిలబడ్డాడు.

"అత్తా, నువ్వు సచ్చిపోయినవ్. పాము కరిచింది."

"నీ నోట్ల మన్నుబడ! లోపలికి రా."

"సావైన ఇంట్ల ఎట్ల తింటం? మూడొద్దులకు పిట్టకు ముద్ద పెట్టాలె గద."

వేళాకోళమనుకున్నాను. మర్నాడూ అంతే. ఎదురు హోటల్ కిటకిటలాడుతోంది. ఇంకో వారం ఇట్లాగే సాగితే పొయ్యి ఆర్పుకోవాల్సిందే. సారును నిలదీశాను.

"మంగమ్మను బతికియ్యి సారూ."

"కుదరదమ్మా. నా జీవితంలో మొదటిసారి పాఠకులు ఏడ్చుకుంటూ ఫోన్ చేస్తున్నారు."

"అయితే సంపినోనివి నువ్వే, దినం నువ్వే పెట్టు."

పెట్టాడు. ఉల్లిగడ్డలు కోస్తుంటే కళ్ల నీళ్లు కారాయి. ఓదేలు భుజం తట్టి, "ఊకో సారూ, మంచి మనిషి పోయింది" అన్నాడు. ఆ మంచి మనిషినైన నేను పక్కనే మసాలా నూరుతున్నాను.

విస్తట్లో ముద్ద పెట్టి పెరట్లో ఉంచాం. కాకి ముట్టందే ఎవరూ తినరు. అది గోడ మీద కూర్చుని చూస్తోంది, దిగదు. ఆకలి మీదున్న జనం సారును చూస్తున్నారు.

"మంగమ్మకేదో కోరిక మిగిలింది. మాటియ్యి సారూ, జల్ది," అన్నాడు ఓదేలు.

సారు చేతులు జోడించాడు. "మంగమ్మా, నీ మెస్ మూతపడదు. మీ చెల్లెలు నడుపుతుంది. వచ్చే వారమే రాస్తాను."

"గోంగూర పప్పు గూడ ఉంటదని చెప్పు," అన్నాను.

చెప్పాడు. కాకి దిగింది. నా దినం అన్నం నేనే వడ్డించాను, రెండోసారి అడిగినవాళ్లకు కూడా.

ఆ నవల పుస్తకమైంది, ఈసారి జనం కొన్నారు. సారు ఇప్పుడు నాలుగోది రాస్తూ నా దగ్గరే తింటున్నాడు. మెస్ నడిపేవాళ్లకు తినేవాడి రుచి ఒక్కటే తెలిస్తే చాలదు, వాడు చేసే పని కూడా తెలియాలని నాకప్పుడు అర్థమైంది. అందుకే ముందే చెప్పిపెట్టాను.

"ఎవర్నన్న సంపుకో సారూ. ఆదివారం మాత్రం వద్దు, చికెన్ మిగిలిపోతది."