గడి లెక్క ఎందుకున్నది?

జనగామ బస్టాండు వెనక ఒక చిన్న గదిలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. పోయిన ఎండాకాలం రేగొండ దగ్గరి ఒక ఊరి సర్పంచి వచ్చాడు. ఊళ్లో గ్రంథాలయం కడుతున్నారట.

"అక్కా, కోట లెక్క ఉండాలె. రెండు దిక్కుల బురుజులు, నడుమ పెద్ద దర్వాజ. సూడంగనే గిది మన తెలంగాణ అని తెలవాలె."

ఆ మాట నా మనసుకు బాగా పట్టింది. కాలేజీలో నేను నోరు విప్పితే చాలు, నా యాస విని నవ్వినవాళ్లు గుర్తొచ్చారు. మాకూ ఒక రూపం ఉందని గోడలతోనైనా చెప్పాలనిపించింది. వారం రోజులు ఇష్టంగా గీశాను.

బురుజులు నిలువెత్తు లేచి, నడుమ పెద్ద దర్వాజకు జాగా వదిలాక చూడడానికి వెళ్లాను. దాహమేస్తే ఎదురింట్లో నీళ్లడిగాను. ఒక ముసలవ్వ గ్లాసు చేతికిచ్చి, కట్టడం వైపు చూపించింది.

"గిది నువ్వే గీసినవా బిడ్డా?"

"అవునవ్వా."

"మల్ల గడి కడ్తుండ్రా?"

దొరలు ఉండిన కోటలాంటి ఇళ్లను మావైపు గడులంటారు. "గడి కాదవ్వా, అందరూ వచ్చి చదువుకునే జాగా," అన్నాను.

"మరి గడి లెక్క ఎందుకున్నది?"

అది కోట అని చెప్పబోయాను. అంతలో ఆమే చెప్పింది. "మా అవ్వ గడిల వెట్టికి పోతుండె. ఒకపారి మా నాయినను దర్వాజ ముంగట పొద్దంత ఎండల నిలవెట్టిండ్రు. నీళ్లు తీస్కపోతే నన్ను దగ్గరికి రానియ్యలె. గంత పెద్ద దర్వాజ యాడ సూసినా నాకు గదే యాదికొస్తది."

నేను గీసింది కాకతీయుల కోట అనుకున్నాను. కానీ కొలతల కోసం చూసింది మా జనగామ దగ్గర పాడుబడిన ఒక గడినే. తిరుగు బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. రెండు రోజులు ఆ దర్వాజను చెరిపాను, మళ్లీ గీశాను, మళ్లీ చెరిపాను. చివరికి సర్పంచికి ఫోన్ చేసి అవ్వ చెప్పిందంతా చెప్పి, దర్వాజ తీసేద్దామన్నాను.

"ఇప్పుడేం పరేషానక్కా! దర్వాజ లేని కోట ఉంటదా?"

"మీ ఇంట్లో ఎవరూ వెట్టి చెయ్యలేదా అన్నా?"

"మా తాత చేసిండు," అన్నాడు మెల్లగా. "దర్వాజ తీసెయ్. బురుజులు మాత్రం ఉండనీ."

బురుజుల మధ్య గోడా తలుపూ లేకుండా, వీధిలోంచే పుస్తకాలు కనబడేలా వరండా గీసిచ్చాను.

ప్రారంభం రోజు ఊళ్లోని ఆడపిల్లలు బురుజుకు ఆనుకుని ఫొటోలు దిగారు. "మన కోట" అని ఒకరికొకరు చెప్పుకుంటుంటే, వాళ్ల సంబరం చూసి నాకు కళ్లు చెమర్చాయి. అవ్వ కూడా వచ్చింది. వరండాలో కాసేపు కూర్చుంది.

"దర్వాజ లేకుంటే మంచిగున్నది," అంది. తర్వాత తలెత్తి, "గా బురుజులే, నా మీద కన్నేసినట్టున్నయ్," అంది.

ఆ పిల్లల మాటా నిజమే, అవ్వ మాటా నిజమే. రెండూ నాలో ఇంకా సర్దుకోలేదు. మొన్న మహబూబాబాద్ నుంచి ఒకాయన ఫంక్షన్ హాలుకు కోట ముఖం కావాలన్నాడు. గీయనని చెప్పలేకపోయాను. ముందు ఒకసారి వచ్చి, చుట్టుపక్కలవాళ్లతో మాట్లాడతానన్నాను. ప్లానుకు, వాళ్లకు ఏం సంబంధమని ఆయన విసుక్కున్నాడు.