మూడు స్కూటర్లు, ఒకే బిల్లు: ఒంగోలు నుంచి చీమకుర్తికి పెట్రోలు కార్డుతో

2008లో బడులు తెరిచిన కొత్తలో పెట్రోలు లీటరుకు ఒక్కసారిగా అయిదు రూపాయలు పెరిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా మామయ్యగారు తీర్పు చెప్పేశారు. "బండి అమ్మేసి బస్సెక్కమ్మా షాహినా. కాదంటావా, పెరిగిన ఖర్చు ఎక్కడన్నా తగ్గించి చూపించు, మళ్లీ నోరెత్తను." ఆయనకి ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కానీ ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే బస్సు గ్రానైట్ లారీల వెనక చిక్కుకుందంటే గంట కొట్టాక గానీ బడికి చేరదు. ప్రైవేటు స్కూల్లో టీచరు నాలుగు రోజులు ఆలస్యంగా వెళితే అయిదో రోజు ఇక వెళ్లక్కర్లేదు. బండి పోతే ఉద్యోగమూ పోతుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

అదే వారం ఒక బ్యాంకు ఏజెంటు మా స్టాఫ్ రూముకి వచ్చి రెండు క్రెడిట్ కార్డుల గురించి చెప్పాడు. ఒకటి తీసుకుంటే సూట్‌కేసు కానుక, బట్టల షాపుల్లో పాయింట్లు. రెండోది పెట్రోలు కార్డు. బంకులో గీకిన ప్రతి వందకీ అయిదు రూపాయల విలువ చేసే పాయింట్లు వస్తాయి, అవి పోగయ్యాక పెట్రోలు కూపన్లు ఇస్తారు. శుక్రవారం సాయంత్రం సంతకాలకి వస్తానన్నాడు. స్టాఫంతా సూట్‌కేసు మీద పడ్డారు. నేను మాత్రం శుక్రవారం పొద్దున్నే ఏడింటికి, రోజూకన్నా అరగంట ముందు, దారిలో బంకులన్నీ అడుగుతూ బయల్దేరాను.

కర్నూలు రోడ్డెక్కాక ఊరి చివర మొదటి బంకులో కార్డు మిషను ఉంది గానీ, లోపల ఆఫీసు గదిలో ఉంది. "వంద రూపాయలకి కార్డేంటండీ? వెనక లారీలు చూడండి, మీకోసం లోపలికెళ్లి వచ్చేలోపు నన్ను తన్నేట్టున్నారు" అన్నాడు పెట్రోలు కొట్టే అతను. సగం దారిలో ఉన్న రెండో బంకు మేనేజరుగారు కాస్త నింపాదిగా మాట్లాడారు. "గీకుతామండీ. కాకపోతే బిల్లు నాలుగొందలు దాటకపోతే కార్డు గీకినందుకు బ్యాంకు వేసే సర్‌చార్జీ మీ మీదే పడుద్ది. వచ్చే పాయింట్లలో సగం దానికే పోతాయి." నా స్కూటరు ట్యాంకు నిండా కొట్టించినా మూడొందలు దాటదు. ఆ కార్డు కార్లున్న వాళ్లకి తప్ప నాకు కాదని తేలిపోయింది.

చీమకుర్తి పొలిమేరలో టిఫిన్ బండి దగ్గర ఆగాను. ప్లేటు ఇడ్లీ ఎనిమిది రూపాయలు, రాతి దుమ్ము ఉచితం. ఒంగోలు నుంచే వచ్చే మా స్కూలు టీచర్లు సుజాత, లక్ష్మిగారు కూడా వచ్చి తమ స్కూటర్లు నా బండి పక్కనే ఆపారు. జరిగింది చెబుతూ చెబుతూ వరుసగా నిలబడ్డ ఆ మూడు బండ్ల వంక చూసి ఆగిపోయాను.

"మనం ముగ్గురం వారానికోసారి ఒకే బిల్లు మీద కొట్టిద్దామా? ఎవరి డబ్బులు వాళ్లు నాకిచ్చేయండి, నేను కార్డు గీకుతాను. పాయింట్లు పంచుకుందాం" అన్నాను.

"పంచుకునేదేందే? ఉద్యోగం మీదికొచ్చింది నీకు. నువ్వే ఉంచుకో" అంది సుజాత. లక్ష్మిగారు తలూపారు.

సాయంత్రం నేను పెట్రోలు కార్డుకి సంతకం పెడుతుంటే ఏజెంటు జాలిగా చూశాడు. "సూట్‌కేసు వద్దా మేడం?"

"ఊళ్లు తిరిగే పని లేదు నాయనా. రోజూ బడికొచ్చే పనే నాది."

ఇంటికెళుతూ ఆ రెండో బంకు మేనేజరుగారిని అడిగితే, మధ్యలో మీటరు సున్నాకి తిప్పకుండా మూడు బండ్లకీ వరుసగా కొట్టిస్తామని ఒప్పుకున్నారు. కార్డు చేతికొచ్చాక మొదటి సోమవారం ముగ్గురం ఏడున్నరకల్లా బంకులో వరుస కట్టాం. నాకు నూట యాభై, సుజాతకి నూట యాభై, లక్ష్మిగారి బండి నిండేసరికి మీటరు నాలుగొందల యాభై చూపించింది. వెనక లారీ డ్రైవరు తల బయటపెట్టి "ఏందమ్మా, ఊరేగింపా?" అని అరిచాడు. "అవునన్నా!" అన్నాం ముగ్గురం ఒక్కసారే.

ప్రతి నెలా గడువులోపు బిల్లు మొత్తం కట్టేశాను, వడ్డీ పడనివ్వలేదు. మూడు బండ్ల పాయింట్లతో వచ్చిన మొదటి కూపన్లు మామయ్యగారి కంచం పక్కన పెట్టాను. నా బండికి పెరిగిన ఖర్చు పోగా ఇంకా మిగిలింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. ఈ సోమవారం తన మోపెడ్ కూడా ఆ వరుసలో నిలబెట్టుకోవచ్చా అని అడిగారు!

ఇప్పటికీ ఆ రోడ్డు మీద వెళుతుంటే నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోను. నా జీతం, నా బండి, బడిలో నా కుర్చీ, అన్నీ నిలబెట్టుకున్నాను. మీరూ రోజూ ఇలాంటి దారిలో తిరిగేవాళ్లయితే ఒక్కటే చెబుతాను. ఏ కార్డు కానుకలూ చూడకముందే మీ ట్యాంకు నిండితే బిల్లు ఎంతవుతుందో చూసుకోండి. అది చాలకపోతే, రోజూ మీ పక్కనే వెళుతున్న బండి ఎవరిదో చూడండి.