పళ్లు వదిలిన గోడ

మా మావయ్య, అంటే మా ఆయన నాన్న, తాపీమేస్త్రి. నలభై ఏళ్లు అందరి ఇళ్లూ కట్టి, అరవై దాటాక సొంతింటికి పునాది తీశాడు. అప్పటికే చూపు మందగిస్తోంది. కళ్లు పూర్తిగా పోయేలోపు తన ఇల్లు తన చేతులతోనే కట్టుకోవాలన్నది ఆయన పంతం.

గోడలు నడుమెత్తు లేచాయో లేదో, మున్సిపాలిటీ ఆఫీసు నుంచి కాగితం ఊడిపడింది. రోడ్డు వెడల్పు సంగతి తేలాలట. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు పని ఆపాలట. కింద అధికారి సంతకం, వంకర తోకతో. నాకు ఒళ్లు మండిపోయింది. మావయ్య మాత్రం ముందుగోడ చివర ఒక వరస ఇటుక బయటికి, ఒక వరస లోపలికి వదిలేసి, తాపీ కడిగి అటక మీద పెట్టేశాడు.

"ఆ పళ్లేమిటి మావయ్యా, చూడ్డానికి అసహ్యంగా! ఎలాగూ ఆగిపోయిందిగా, నున్నగా పూత పెట్టించేయనా?" అన్నాను.

"మళ్లీ కట్టేరోజు కొత్త ఇటుకలు ఇరికించి అతకడానికి వదిలిన సందులవి. ఇక నీ ఇష్టం తల్లీ" అన్నాడు. ఆ మనిషి నోట అంత నీరసపు మాట ఎన్నడూ వినలేదు. మర్నాటికి పూతపని మనిషిని పురమాయించాను.

ఆయనకు చదువు రాదు. సాయంత్రాలు నేనే బైబిలు చదివి వినిపిస్తాను. ఆ రోజు ఎజ్రా గ్రంథం నాలుగో అధ్యాయం వచ్చింది. చెరనుంచి తిరిగొచ్చినవాళ్లు పాడుబడ్డ పట్టణాన్ని మళ్లీ కట్టుకుంటుంటే, గిట్టనివాళ్లు అర్తహషస్త రాజుకు ఫిర్యాదు రాశారు. ఆయన పని ఆపించేశాడు.

"వీడికేం పోయేకాలం! చాడీలు నమ్మేయడమేనా?" అని పుస్తకం మూయబోయాను.

"ఉండమ్మా. ఆ రాజు మాట మళ్లీ చదువు."

తాను సెలవిచ్చేవరకు ఆ పట్టణం కట్టకూడదన్నాడని చదివాను. మావయ్య లేచి నిలబడ్డాడు.

"కట్టొద్దని ఊరుకోలేదు, చూశావా! సెలవిచ్చేవరకు అన్నాడు. గోడకి పళ్లు వదిలాడమ్మా రాజు! తనకే తెలీకుండా వదిలాడు!" నా వైపు తిరిగాడు. "రేపు ఆ పూతవాణ్ణి రావద్దను."

కొన్నాళ్లకు నెహెమ్యా గ్రంథానికి వచ్చాం. అక్కడ అదే పట్టణం కట్టడానికి తన కొలువులోని మనిషిని పంపి, తన అడవిలోంచి కలప ఇమ్మని ఉత్తరం రాసిచ్చిన రాజు ఎవరు? ఆ అర్తహషస్తే! వెనక్కి తిప్పి పేరు రెండుసార్లు సరిచూసుకున్నాను. మావయ్య చేతులు జోడించాడు.

"ఆపినవాడి చేతే రాయించాడమ్మా దేవుడు" అన్నాడు.

రెండేళ్లు గడిచాయి. మావయ్య చూపు పూర్తిగా పోయింది. దాచుకోవడమెందుకు, దేవుణ్ణి కూడా తిట్టాను. అప్పుడొచ్చింది కాగితం, కట్టుకోవచ్చని. కింద అదే వంకర తోక సంతకం. కాగితం పట్టుకుని మావయ్య దగ్గరికి పరుగెత్తాను.

"వేరే మేస్త్రిని పెడదాం నాన్నా" అన్నారు మా ఆయన.

"నా తాపీ దించు" అన్నాడు మావయ్య.

చెయ్యి పట్టుకుని గోడ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన వేళ్లు ఒక్కో పన్నునూ తడిమాయి. "ఇదిగో, గోడ నా ఇటుక చోటు నాకే ఉంచింది" అంటూ గలగలా నవ్వాడు. నేను కలిపిన సిమెంటు మాలు, ఇటుకలు అందించాను. వరస వంకరపోకుండా మా ఆయన దారం పట్టుకున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది.

గోడ ఆరాక నన్ను పిలిచాడు. "కళ్లు మూసుకుని తడుము. పని ఎక్కడ ఆగిందో చెప్పు చూద్దాం."

ఈ చివరనుంచి ఆ చివరదాకా రెండుసార్లు తడిమాను. నాకు దొరకలేదు.