తెర వెనక మిరప టిక్కీలు

మొన్న గుంటూరు మిర్చి యార్డు పక్కగా ఆటోలో వెళుతుంటే ఘాటు ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి ఎక్కింది. వరసగా తుమ్ములు, వాటి వెనక ధారగా నీళ్ళు. ఆటో డ్రైవరు అద్దంలో చూసి, "ఊరికి కొత్తా సార్?" అన్నాడు. ప్రత్తిపాడు పక్కన మిరపచేలలో పుట్టి పెరిగినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది! రుమాలు జేబులోనే ఉంది, తీయలేదు. ఇలాంటప్పుడు కళ్ళు వెంటనే తుడుచుకోకపోవడం సువార్తమ్మ టీచరుగారి దగ్గర నాకు అంటుకున్న అలవాటు.

ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తొంభైల చివర్లో ఒకరోజు మా ఇంటికి వచ్చి, పల్లెల్లో సంఘాలు నడపబోయే పిల్లలకి బైబిలూ, దాంతోపాటు నాలుగు చదువులూ నేర్పే బడి పెడతాను, మీ గోడౌన్ ఇవ్వండి అని నాన్నని అడిగారు. మాది పూజలూ నోములూ ఉన్న ఇల్లు. కానీ మా అక్కకి అక్షరం ముక్క అంటిందంటే ఆవిడ చలవే. నాన్న కాదనలేకపోయాడు.

"వాడుకోండి టీచరుగారూ. పంటొచ్చాక మాత్రం టిక్కీలు లోపలికొస్తాయి," అన్నాడు. మావైపు మిరపకాయల బస్తాని టిక్కీ అంటాం.

"రానివ్వండి. సగం వాటికి, సగం మాకు. మధ్యలో తెర కట్టుకుంటాం."

"ఆ ఘాటుకి పిల్లలు నిలవలేరమ్మా."

"యూనివర్సిటీ అయ్యేదాకా ఓర్చుకుంటారు లెండి."

నాన్న నా వంక చూశాడు, నేను నాన్న వంక చూశాను. ఇంకా నల్లబల్ల కూడా లేదు, యూనివర్సిటీ ఏమిటి?

నేనప్పుడు గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ తీసుకుని, ఏ ఉద్యోగమూ నన్ను తీసుకోక ఇల్లు చేరిన పట్టభద్రుణ్ణి. నాన్న నన్ను టిక్కీలకి కాపలా పెట్టాడు. వారం తిరక్కుండా ఆవిడ నన్ను తెర ఇవతలికి లాగి పిల్లలకి ఇంగ్లీషు చెప్పమన్నారు. "నాదే ఇంకా పచ్చిగా ఉందండీ," అన్నాను. "ఎండబెట్టు మరి," అన్నారు. అలా కాపలావాణ్ణి కాస్తా కాపరినయ్యాను, నా మంద ఎటు పోతోందో నాకే తెలియకపోయినా.

పంట రోజుల్లో ఆ గోడౌన్ హాల్లో ప్రార్థన చూడాలి. తెర అవతల కూలీలు టిక్కీలు దొర్లించేవాళ్ళు, ఇవతల అందరూ కళ్ళు మూసుకుని తుమ్మేవాళ్ళు. ఆమెన్ ఏదో హాచ్చి ఏదో తేలేది కాదు. అందరి చెంపలూ తడిసేవి. ఆవిడవి కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి మిషన్ పెద్దలు బడి చూడటానికి వచ్చారు. వాళ్ళు సరేనంటే కాలేజీకి గుర్తింపూ, హైవే పక్కన స్థలమూ వస్తాయి. కాదంటే ఆ వేసవితో బడికి తాళం పడుతుంది, పిల్లలు తిరిగి పత్తి చేలకి పోతారు. పెద్దలు వచ్చి ప్రార్థనలో కూర్చున్నారు. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి హాలంతా కన్నీళ్ళు. పెద్దాయన తన కళ్ళు తుడుచుకుంటూ ఇంగ్లీషులో గద్గదంగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడయ్యా?" అన్నారు టీచరుగారు. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం.

"ఇంత పశ్చాత్తాపం తన జన్మలో చూడలేదంటున్నారండి."

"అయ్యో! మిరపకాయలని చెప్పు."

"సంతకాలయ్యాక చెబుదామండీ," అన్నాను గొంతు తగ్గించి.

"అబద్ధంతో తెరిచిన బడిలో నేను ఏ మొహంతో పాఠం చెప్పను? చెప్పవయ్యా!"

చెప్పాను. పచ్చిదైనా అర్థమయ్యే ఇంగ్లీషులోనే చెప్పాను. ఆవిడ ఊరుకోక తానే లేచి తెర బర్రున లాగి టిక్కీలు చూపించారు. పెద్దాయన వాటిని చూశాడు, గట్టిగా తుమ్మాడు. తర్వాత ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, ఈ తల్లి భక్తిని కూడా మిరపకాయల చాటున దాచుకుంటోంది, ఇదీ తనని తాను తగ్గించుకోవడమంటే, అన్నాడు. అక్కడికక్కడే సరేనన్నాడు.

వాళ్ళ కారు దుమ్ము అణిగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డారు.

"మనం నిజమే చెప్పాంగా?"

"చెప్పామండి. చూపించాం కూడా."

"మరి వాళ్ళు నమ్మలేదే! ఇప్పుడీ బడి నిజం మీద లేచినట్టా, కాదా?"

నాకు తెలియలేదు. తెలుగులోనూ తెలియలేదు, ఇంగ్లీషులోనూ తెలియలేదు.

చిలకలూరిపేట వెళ్ళే దారిలో స్థలం వచ్చింది. కాలేజీ లేచింది, హాస్టళ్ళు లేచాయి, కంప్యూటర్లొచ్చాయి. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి గేటు మీద యూనివర్సిటీ అన్న అక్షరాలు కూడా లేచాయి. నన్ను ఇంగ్లీషు డిపార్టుమెంటులో కూర్చోబెట్టారు. ఎందుకు కూర్చోబెట్టారో నాకు ఇప్పటికీ సందేహమే. ఆవిడ మాత్రం కొత్త భవనం కట్టినప్పుడల్లా నన్ను పక్కన నిలబెట్టుకుని పునాది వంక అనుమానంగా చూసేవారు. "గట్టిదేనంటావా?" అనేవారు. ఇంజనీరు దగ్గరుండి కట్టించాడండీ అంటే, "నేనడిగేది అది కాదయ్యా," అనేవారు.

కొత్త ప్రార్థనాలయం తెరిచిన రోజు అన్నీ ఉన్నాయి. పాలరాయి, అద్దాల కిటికీలు, చల్లటి గాలి. వందల మంది కళ్ళు మూసుకున్నారు. ఒక్క తుమ్ము లేదు, ఒక్క చెంపా తడవలేదు. ముందు వరసలో ఆవిడ కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోవడం లేదు. పక్కకి వెళ్ళి వంగాను.

"ఇక్కడ మిరపకాయల్లేవు కదండీ!"

"లేవుగా. అవి లేకుండా వస్తాయో రావోనని చూస్తున్నా."

"వచ్చాయిగా మరి."

"వచ్చాయి. ఎందుకొచ్చాయో తెలిస్తే ఒట్టు."

ఆ తర్వాత రెండు పంటలకి ఆవిడ పోయారు. ఆ రోజు నాకు కన్నీళ్ళు రాలేదు. ఆవిడ చేతిలో పెరిగినవాణ్ణి, రాకపోవడమేమిటని కంగారుపడ్డాను. ఇన్నాళ్ళకి యార్డు పక్కన ఇలా ఆగకుండా వస్తుంటే ఇవి ఆవిడవో మిరపకాయలవో తేల్చుకోలేకపోతున్నాను. తుడిచేస్తే ఇక ఎప్పటికీ తేలదేమోనని భయం. అందుకే చెంపలు వాటంతటవి ఆరేదాకా ఊరుకుంటాను.

యార్డు దాటి చాలా దూరం వచ్చాం. ఘాటు ఎప్పుడో పోయింది. డ్రైవరు మళ్ళీ అద్దంలో చూశాడు.

"ఇంకా మండుతున్నాయా సార్?"

"తెలీటంలేదయ్యా," అన్నాను. "నువ్వు పోనివ్వు."