మంచిర్యాల దాకా

ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. పాతికేళ్లుంటాయేమో. నా ఒళ్లో ఉన్న ఐదు నెలల పాప ఉన్నట్టుండి ఆమె తలకు కట్టుకున్న స్కార్ఫును పట్టి లాగేసింది. ఒక్క వెంట్రుక కూడా లేని తల. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏం గాదక్కా, జుట్టు మళ్ల వస్తది," అని నవ్వింది. "రొమ్ము క్యాన్సర్. ఆఖరి కీమో మొన్ననే అయింది."

పాపనే చూస్తూ, కాసేపటికి తనే చెప్పింది.

"ఆ మందులకు పిల్లలు కాకుంట పోవచ్చట. అందుకే ముందుగాలనే ఆపరేషన్ చేసి, అండాశయంలకెల్లి జరంత ముక్క తీసి, హైదరాబాద్ దవాఖానల గడ్డకట్టించి దాచిండ్రు. నాకు మంచిగైనంక మళ్ల లోపల పెడ్తరట."

"అప్పుడు పిల్లలు పుడ్తరా?"

"పుట్టచ్చన్నరు. పుడ్తరని మాత్రం అనలే." పాప వైపు చేతులు చాపింది. "జర ఎత్తుకోనా అక్కా?"

ఇచ్చాను. పాప ఆమె భుజం మీదే నిద్రపోయింది. ఆమె కళ్లు మూసుకుని పాప మాడు మీద చెంప ఆనించింది.

మందమర్రిలో కండక్టర్ కేకేశాడు. "చెల్లే, నువ్వు దిగేది ఈడనే గద!"

"మంచిర్యాల దాంక వస్తనన్నా. పాప పండుకుంది," అంది మెల్లగా.

మంచిర్యాలలో పాపను నా చేతుల్లో పెట్టి దిగింది. రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం నిలబడింది. నేను పేరైనా అడగలేదు.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. మందమర్రిలో ఎవరైనా చంటిబిడ్డతో బస్సెక్కితే, ఇప్పటికీ నేను ముందు తల్లి ముఖమే చూస్తాను.