పొద్దున పేదవాళ్లం, మధ్యాహ్నం షావుకార్లం

నాకు ఎంసీఏ సీటు వచ్చిన ఏడాది అమీర్‌పేటలో ఎవరిని కదిలించినా సాఫ్ట్‌వేర్ మాటే. మా బాపుకు యూసుఫ్‌గూడలో చిన్న టైలర్ షాపు ఉండేది. నా కాలేజీ ఫీజు ప్రభుత్వం కట్టాలంటే మా ఆదాయం తక్కువని ఎమ్మార్వో ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తేవాలి. హాస్టలుకూ కంప్యూటరుకూ మాత్రం బ్యాంకు లోను ఒక్కటే గతి. అక్కడేమో అప్పు తీర్చగలమని నమ్మించాలి. రెండు చోట్లకూ ఒకే రోజు వెళ్లాల్సి రావడంతో ఇంట్లో బట్టల సమస్య మొదలైంది.

“ఆఫీసుకు చినిగిన అంగి ఏసుకో, జర పేదోళ్ల లెక్క కనిపియ్యాలె,” అంది అమ్మ.

టైలర్ ఇంట్లో చిరిగిన చొక్కా ఎక్కడ దొరుకుతుంది? ఎంత వెతికినా లేదు. చివరికి బాపు బాగున్న చొక్కాకే జేబు కుట్లు సగం విప్పి, అద్దంలో చూసుకుని తృప్తిపడ్డాడు.

ఆఫీసులో గుమస్తా సర్టిఫికెట్ మీద ముద్ర వేస్తూ తలెత్తాడు.

“జేబు ఊడిపోతున్నదన్నా. మంచి టైలర్‌కు ఇయ్యరాదే?”

బాపు ముఖం ఎర్రబడింది. “నేనే టైలర్‌ను! గీ జేబు...”

అమ్మ వెనక నుంచి గిల్లింది. మిగతా మాట బాపు మింగేశాడు.

దారిలో షాపు దగ్గర ఆగి, తన కోసం కుట్టుకున్న సఫారీ సూటు తొడుక్కున్నాక గానీ ఆయన ప్రాణం కుదుటపడలేదు. పంజాగుట్టలో బ్యాంకు మెట్లు ఎక్కేటప్పుడు మమ్మల్ని వెనకే వదిలేశాడు.

మేనేజరు మా ఫైలు తెరిచి, పొద్దున తెచ్చిన సర్టిఫికెట్ చూశాడు. తర్వాత సఫారీని చూశాడు.

“ఏంటండీ, మీ ఆదాయం ఇంతేనా?”

“అది గా ఆఫీసుకు సార్. గంత తక్కువేం కాదు.”

“అంటే సర్టిఫికెట్ తప్పా?”

“అయ్యో, కరెక్టే సార్!”

“మరి అప్పు తీర్చలేరు కదండీ.”

“ఎందుకు తీర్చను సార్? మస్తు గిరాకీ ఉన్నది!”

నాకు కుర్చీ కిందికి దూరిపోవాలనిపించింది. అమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది.

“సార్, కాగితంల ఉన్నదే నిజం. ఆయన సూటు జూసి పరేషాన్ కాకుండ్రి. లగ్గాలప్పుడు నాలుగు పైసలొస్తయ్, ఆషాఢంల మిషన్ మీద దుమ్ము పడ్తది. గీ పిల్ల సదివి నౌకరి జేసి కడ్తది.”

మేనేజరు కళ్లద్దాలు తీసి నవ్వాడు. “ఇంతసేపూ నాకు కావాల్సింది ఇదేనమ్మా. ఈ లోను అమ్మాయి చదువును చూసి ఇచ్చేది. ఉద్యోగం వచ్చాక తనే కట్టుకుంటుంది. నాన్నగారు పక్కన సంతకం పెడితే చాలు.”

బాపు ముఖం వాడిపోయింది. రాత్రంతా జవాబులు బట్టీపట్టి వచ్చిన మనిషి.

“అయితే నన్ను అడిగేదేం లేదా సార్?”

మేనేజరుకు జాలేసినట్టుంది. “ఉందండీ. ఆ సఫారీ ఎవరు కుట్టారు?”

ఆ ఒక్క ప్రశ్నకు బాపు చెప్పిన జవాబు, కాలరు దగ్గర మొదలై ప్యాంటు మడత దాకా సాగి, వెనక వరుసలో ఉన్నవాళ్లు దగ్గడం మొదలుపెట్టేదాకా ఆగలేదు.

లోను వచ్చింది. ప్రభుత్వం ఫీజు మాత్రం నేను రెండో సంవత్సరంలోకి వచ్చాక గానీ రాలేదు. అప్పటిదాకా కాలేజీ క్లర్కును చూస్తే స్తంభాల చాటుకు తప్పుకునేదాన్ని. ఉద్యోగం వచ్చాక నెలనెలా కట్టి లోను తీర్చేశాను.

లోను అడగడానికి వెళ్లిన ఆ రోజు, బ్యాంకు నుంచి తిరిగొస్తుంటే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక కుర్రాడు బాపు చేతిలో జావా కోర్సు కరపత్రం పెట్టి, “డెమో క్లాసు ఫ్రీ సార్, ఇప్పుడే షురూ అయితది,” అన్నాడు. ఫ్రీ అన్న మాట వినగానే బాపు మెట్లెక్కేశాడు. మేమిద్దరం కింద మిర్చి బజ్జీలు తింటూ కూర్చున్నాం. క్లాసు పూర్తిగా అయ్యాకే దిగొచ్చాడు.

“ఏమన్న సమజైందా?” అంది అమ్మ.

“ఒక్క ముక్క సుత కాలే,” అన్నాడు బాపు. “ఏసీ మస్తుగున్నది.”