లిఫ్టాయన చివరి గెలాక్సీ

మా వీధిలో మా ఆయనను అందరూ లిఫ్టాయన అనేవారు. ఆగిపోయిన లిఫ్టులు బాగుచేయడం ఆయన ఉద్యోగం. "జనాన్ని అయిదో అంతస్తు దాకా తీసుకెళ్తాడు, తను మాత్రం ఆకాశం దాకా పోతాడు" అని మా వదిన, అంటే ఆయన అక్క, ఎగతాళి చేసేది. "అక్కడ కరెంటు పోదులే అక్కా" అని ఈయన నవ్వేసేవారు.

మేడ మీద ఆయన స్వయంగా కట్టుకున్న గది ఉంది. పైన రేకు కప్పు. దానికి పాత లిఫ్టు తలుపుల చక్రాలు బిగించారు. ఒక్క చేత్తో తోస్తే కప్పంతా పక్కకు జరిగిపోయేది. లోపల సిమెంటు దిమ్మె మీద టెలిస్కోపు, దాని వెనక కెమెరా. అక్కడ చీపురు పట్టే హక్కు నాకు లేదు. "ఇల్లంతా నీ రాజ్యమేనే, ఆ ఒక్క గది నాకు వదిలెయ్" అనేవారు. ఇల్లాలిని దుమ్ము తుడవద్దంటే కోపం రాదా మరి?

నాకు అక్కడ ఉన్న పని ఒక్కటే. ఒక్కో గెలాక్సీకి ఆయన పది పన్నెండు రాత్రులు ఫోటోలు తీసేవారు. అవన్నీ కలిస్తేగాని ఒక బొమ్మ కాదు. ఆఖరి రోజు తెల్లవారుతూండగా నన్ను పిలిచేవారు. పాత తెల్ల దుప్పటి ముక్కను టెలిస్కోపు మూతికి అడ్డంగా, ముడత పడకుండా పట్టుకోవాలి. ఆయన ఆ ఉత్త తెలుపునే ఫోటోలు తీసేవారు.

"దీని బదులు నా మొహం తియ్యొచ్చు కదండీ?"

"నీ మొహం మీద మచ్చల్లేవు. ఇది మచ్చల కోసం."

వేళాకోళమనుకుని, టీ పెట్టడానికి కిందికి వచ్చేసేదాన్ని. పంతొమ్మిదేళ్ళు అలాగే ఆ గుడ్డ పట్టుకున్నాను.

పోయినేడు ఆయనకు ఒక గెలాక్సీ మీద మనసు పడింది. ఫ్యాను రెక్కలు తిరుగుతున్నట్టు ఉంటుంది అది. "మూడు కోట్ల ఏళ్ళ కింద బయల్దేరిన వెలుతురు, మన మేడ అడ్రసు వెతుక్కుంటూ వచ్చింది చూడు" అనేవారు. పదకొండు రాత్రులు అయ్యాయి. మబ్బు తేలిపోయాక పన్నెండోది తీస్తానన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఒక ఆఫీసు లిఫ్టు దగ్గర, చేతిలో పానా ఉండగానే కుప్పకూలిపోయారు. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

నెల తర్వాత ఒకరోజు ఇంట్లో చేయడానికి పనేమీ మిగలక మేడెక్కాను. కెమెరాకు బూజు పడుతుందేమోనని భయం వేసింది. మరలు విప్పి తీశాను. ముందున్న చిన్న అద్దం మీద నలుసులు కనిపించాయి. కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచి, ఆయన స్వెట్టర్లో చుట్టి పెట్టెలో పెట్టాను. ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది.

వారం తిరక్కుండా కళ్ళజోళ్ళ షాపాయన వచ్చారు. ఈయనకు స్నేహితుడు. ఫోటోలన్నీ కంప్యూటర్లో ఒక్కటిగా కలిపే పని ఆయనది.

"పదకొండు రాత్రులు చాలు చెల్లెమ్మా, వాడి బొమ్మ పూర్తి చేద్దాం. నువ్వోసారి తెల్లగుడ్డ పట్టుకో, చాలు."

ఇద్దరం పైకి వెళ్ళాం. టెలిస్కోపు వెనక ఖాళీ చూసి ఆయన ఆగిపోయారు.

"కెమెరా ఏదమ్మా?"

"భద్రంగా పెట్టెలో ఉందన్నయ్యా. అద్దం మీద దుమ్ముంటే తుడిచాను కూడా."

ఆయన గడప మీద కూర్చున్నారు. మెల్లగా చెప్పారు. "ఆ దుమ్ము నీడలు ప్రతి ఫోటోలోనూ పడతాయమ్మా. గుడ్డ ఫోటోలో ఆ నీడలొక్కటే కనిపిస్తాయి. ఏది ఎక్కడుందో అందులో చూసి, బొమ్మలోంచి తీసేస్తాం. అందాకా దుమ్ము కదలకూడదు. అందుకే వాడు నిన్ను తుడవనిచ్చేవాడు కాదు."

"పాత గుడ్డ ఫోటోలున్నాయి కదా?"

"అప్పటి దుమ్ము వేరమ్మా."



పది రోజులకు, గుడ్డ ఫోటో లేకుండానే బొమ్మ అచ్చువేయించి తెచ్చారు. ఎంత అందంగా ఉందో! దాని నిండా నల్లటి వలయాలు. అన్నిటికంటే పెద్దది సరిగ్గా ఒక రెక్క మీదే పడింది.

"చేత్తో చెరిపెయ్యొచ్చు. పక్క వెలుతురు తెచ్చి అతికిస్తే ఎవరూ పోల్చుకోలేరు" అన్నారు.

"ఆయనైతే చేసేవారా?"

"చంపినా చేసేవాడు కాదు. రాని వెలుతురు వచ్చిందనకూడదని నాతో దెబ్బలాడేవాడు."

"అయితే వద్దన్నయ్యా."

"పోనీ, వచ్చే ఏడు మళ్ళీ ఇదే గెలాక్సీ కనిపిస్తుంది. మొదట్నుంచీ తీద్దామా?"

"తీయండి, బాగా వస్తుంది. కానీ అది మీ బొమ్మవుతుంది."

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. బొమ్మను ముందుగదిలో తగిలించాను. ఆదివారం వదిన వచ్చింది.

"ఈ నల్ల సున్నాలేమిటే? ఇవీ చుక్కలేనా?"

"కావు వదినా. మీ తమ్ముడుగారి ఆఖరి బొమ్మ నేను పాడుచేశాను" అని జరిగిందంతా చెప్పాను.

నోరున్న మనిషి. నాలుగు దులుపుతుందనుకున్నాను. వచ్చి నా పక్కన కూర్చుంది.

"దుమ్ము ముట్టుకోవద్దని ఎందుకన్నాడో, వాడు నీకు చెప్పలేదా?" అంది.

"నేను అడగలేదు వదినా" అన్నాను.